పేరుపేరునా

మా కళాశాల పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన కాలాన్ని తలచుకున్నప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి వేదికలూ, సన్మానాలూ, ఉపన్యాసాలూ కావు, చిరునామాలు. సభ జరపడానికి ఒక రోజు చాలు, దాని ఏర్పాట్లకు కొన్ని వారాలు చాలు. కానీ ఆ సభకు రావలసిన మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఏ పేరుతో ఉన్నదో, అసలు ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి ఒక్కోసారి ఏళ్ళు పట్టేవి. విద్యాసంస్థకూ అక్కడ చదివి వెళ్ళినవారికీ మధ్య ఉండవలసిన అనుబంధం గురించి పెద్దలు మాట్లాడగా ఎన్నోసార్లు విన్నాను. ఆత్మీయత, కృతజ్ఞత, ఋణం తీర్చుకోవడం వంటివన్నీ ఆ మాటల్లో వస్తాయి, అవన్నీ నిజమే. అయితే వాటన్నిటికీ ముందు ఒక గుమాస్తా పని ఉంది. ఆ పనిని ఇష్టంతో, ఓపికతో చేసే మనిషి ఒకరు లేని చోట మిగిలినవేవీ నిలబడవని నాకు కలిగిన నమ్మకం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సడలలేదు.

మేము మొదలుపెట్టినప్పుడు మాకున్న ఆధారం కార్యాలయంలోని అడ్మిషన్ రిజిస్టర్లు మాత్రమే. బరువైన అట్టలు, అంచులు పెళుసెక్కిన కాగితాలు, సంవత్సరానికొక చేతిరాత. ప్రతి పేరుకూ ఎదురుగా తండ్రి పేరు, పుట్టిన తేదీ, అంతకుముందు చదివిన పాఠశాల, చివరగా శాశ్వత చిరునామా. శాశ్వతమని రాసుకున్న ఆ చిరునామా చాలామంది విషయంలో పదేళ్ళు కూడా నిలవలేదు. చదువు ముగిసిన తరువాతి నాలుగైదేళ్ళలో మనిషి మారినన్ని ఇళ్ళు జీవితంలో మరెప్పుడూ మారడు. ఉద్యోగం వెతుక్కుంటూ ఒక ఊరు, దొరికాక మరొక ఊరు, పెళ్ళయ్యాక ఇంకొకటి, మధ్యలో పై చదువులు. ఈలోగా తల్లిదండ్రులు ఆ పాత ఇల్లు వదిలి పిల్లల దగ్గరికి చేరుకుంటారు. ఆ నాలుగైదేళ్ళు మనం పట్టించుకోకపోతే తరువాత పాతికేళ్ళు వెతకవలసి వస్తుంది. అందుకే కొత్తగా సంఘం పెట్టుకుంటామని సలహా అడిగిన వారందరికీ, పాతవారిని వెతకడం ఎంత ముఖ్యమో ఈ ఏడాది చదువు ముగించి వెళ్తున్నవారిని జారిపోనివ్వకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యమని చెబుతూ వచ్చాను.

మేము పంపిన ఉత్తరాల్లో చాలా వరకు తిరిగి వచ్చేవి. ఆ కవర్లను మేము పారవేయలేదు. వాటి మీద తపాలా ఉద్యోగి రాసిన రెండు మూడు మాటల్లోనే తరువాతి అడుగుకు దారి దొరికేది. ఇల్లు మారారని ఉంటే ఆ వీధిలోనే ఎవరినైనా అడగవచ్చు; అలాంటి పేరు గలవారు లేరని ఉంటే చేతిరాత చదవడంలో మేమే పొరబడ్డామేమోనని రిజిస్టరు మళ్ళీ తీయవచ్చు. అంతకుముందు చదివిన పాఠశాల గడి కూడా మాకు ఎంతో సాయపడింది. ఒకే బడి నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు దొరికితే రెండోవారి జాడ తెలియడం దాదాపు ఖాయం. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అదే కళాశాలలో చదివి ఉంటారన్న ఊహతో తండ్రి పేరును బట్టి రిజిస్టర్లు వెనకకూ ముందుకూ తిరగేయడం మరొక మార్గం.

అన్నిటికన్నా కష్టమైనది అమ్మాయిలను వెతకడం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోయేది, ఊరు మారిపోయేది, కొందరికి పేరు కూడా మారిపోయేది. ప్రపంచంలో ఏ కళాశాల సంఘాన్ని అడిగినా ఈ మాట చెబుతారు. అందుకే చాలాచోట్ల పూర్వ విద్యార్థుల జాబితాల్లో పెళ్ళికి ముందరి పేరును కూడా అచ్చు వేస్తారు. మేము మా రిజిస్టరులో ఒక నియమం పెట్టుకున్నాము. కళాశాలలో హాజరు పిలిచిన పేరే అసలు శీర్షిక. దాన్ని ఎన్నడూ కొట్టివేయరాదు. తరువాత వచ్చిన పేర్లు దాని పక్కన చేరుతూ ఉంటాయి. ఎన్నో ఏళ్ళ తరువాత ఫోనులో ఆ పాత పేరుతో పిలిచినప్పుడు అవతల క్షణకాలం మౌనం, ఆ వెంటనే గొంతులో వచ్చిన మార్పు ఎందరి దగ్గర విన్నానో చెప్పలేను. ఆ పేరుతో తమను పిలిచేవారు ఇంకా ఉన్నారని వారు అనుకుని ఉండరు.

ఇదంతా ఒక్కరు చేయగల పని కాదు. కార్యదర్శి ఎంత శ్రద్ధగలవాడైనా తన బ్యాచ్‌కు పైన రెండు, కింద రెండు బ్యాచ్‌ల వరకే మనుషులను నిజంగా ఎరుగుతాడు. మిగిలిన వారందరూ అతనికి కాగితం మీది పేర్లే. ప్రతి బ్యాచ్‌కూ ఆ బ్యాచ్‌లోనే చదివిన ఒక మనిషి బాధ్యత తీసుకోవాలన్న సంగతిని అమెరికాలోని యేల్ విద్యార్థులు 1792 నాటికే గ్రహించి, తరగతులవారీగా సంఘటితమయ్యే పద్ధతిని మొదలుపెట్టారు. ఆ పద్ధతి ఈనాటికీ నడుస్తున్నదంటే అందులోని ఇంగితం ఎంత గట్టిదో తెలుస్తుంది. మేము దాని గురించి చదివి నేర్చుకోలేదు, అవసరమే మాకు నేర్పింది. ఎక్కడ ఆ ఒక్క మనిషి దొరికారో అక్కడ బ్యాచ్ మొత్తం దొరికింది. ఎక్కడ దొరకలేదో అక్కడ ఎంత పెద్ద ఉద్యోగులు ఉన్నా, ఎంత తెలివైనవారు ఉన్నా, ఆ సంవత్సరపు పుటలు ఖాళీగానే మిగిలాయి.

మా బ్యాచ్‌లో ఆ మనిషి ఒక స్నేహితురాలు. తరగతిలో ఎక్కువగా మాట్లాడేది కాదు, ఏ పోటీలోనూ పేరు వినిపించేది కాదు. చివరి సంవత్సరంలో అందరూ ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మార్చుకుంటూ కవిత్వాలు రాస్తుంటే ఆమె మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఇంటి చిరునామాతో పాటు, ఎప్పటికీ ఇల్లు మారరని నమ్మకమున్న బంధువుల చిరునామా కూడా ఒకటి రాసిమ్మని అడిగింది. ఆ రెండో చిరునామా విలువ మాకు చాలాకాలం తరువాత తెలిసింది. మా బ్యాచ్ చెదిరిపోకుండా ఉండడానికి ఆ నోటుపుస్తకమే కారణం. ప్రతి సంవత్సరం చివరలో ఆమె నుంచి ఒక కార్డు వచ్చేది. అందులో శుభాకాంక్షలు ఒక్క వాక్యం. తక్కినదంతా ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి ఇంట బిడ్డ పుట్టింది, ఎవరి తండ్రిగారు పోయారు అన్న సమాచారమే. జవాబు రాయనివారికి కూడా ఆమె మానకుండా రాసింది. కొందరు ఎన్నో ఏళ్ళు జవాబివ్వక, ఏదో ఒక కష్టం వచ్చినప్పుడు మొదటి ఉత్తరం ఆమెకే రాశారని తరువాత తెలిసింది. జవాబు రానంత మాత్రాన ఉత్తరం చేరలేదని అనుకోకూడదని నేను ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

పట్టువదలని ఓపిక ఎంతదూరం తీసుకువెళ్ళగలదో చూపే ఉదాహరణ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ 1938లో మొదలైన ఒక వైద్య పరిశోధన 268 మంది విద్యార్థులను ఎంచుకుని, వారి ఆరోగ్యాన్నీ జీవితాన్నీ ముసలితనం వరకూ అనుసరించింది. రెండేళ్ళకోసారి ప్రశ్నావళి పంపుతూ, యుద్ధానికి వెళ్ళినవారినీ దేశాలు దాటినవారినీ కూడా వదలకుండా ఆ పరిశోధన ఎనభై ఏళ్ళు దాటి నడిచింది. మనుషులతో మనుషులకున్న మంచి సంబంధాలు ముసలితనంలో ఆరోగ్యాన్నీ సంతోషాన్నీ కాపాడతాయని ఆ పరిశోధకులు తేల్చిన సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆ ఫలితం ఎంత గొప్పగా తోచిందో, అన్నేళ్ళపాటు అంతమంది చిరునామాలను నిలబెట్టుకున్న ఆ కార్యాలయపు పని కూడా అంత గొప్పగానూ తోచింది.

మా అధ్యాపకుల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మా లెక్కల మాస్టారికి వెళ్ళిపోయిన విద్యార్థుల పేర్లు మాత్రమే కాదు, వారు కూర్చున్న బల్లలు కూడా గుర్తుండేవి. పదవీ విరమణ తరువాత ఆయనను చూడటానికి వెళితే ముందు మన యోగక్షేమాలు అడిగి, ఆ తరువాత మన పక్కన కూర్చున్నవారి యోగక్షేమాలు అడిగేవారు. మనకు తెలియదంటే ఆయన ముఖంలో కనిపించే చిన్న నిరాశ మమ్మల్ని చాలామందిని పాత స్నేహితులను వెతుక్కునేలా చేసింది. మళ్ళీసారి వెళ్ళినప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్న ఆలోచనతోనే నేను రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఆయన జీవించి ఉన్నంతకాలం మా సంఘానికి రిజిస్టరు ఒకటి కాదు, రెండు.

ఇక్కడే మరొక మాట. సభకు వచ్చే పూర్వ విద్యార్థులు ఎవరిని చూడాలని కోరుకుంటున్నారో ముందుగా తెలుసుకుందామని మేము అడిగినప్పుడు అధ్యాపకుల పేర్లతో సమానంగా వచ్చినవి ప్రయోగశాల అటెండరు, గ్రంథాలయంలో పుస్తకాలు అందించిన ఉద్యోగి, గంట కొట్టిన మనిషి, హాస్టల్ వార్డెన్. ఫీజు గడువు దాటిపోతుంటే గుమాస్తా మరో రెండు రోజులు ఆగిన సంగతిని, పరీక్ష రోజున ఆలస్యంగా పరుగెత్తుకొచ్చిన అమ్మాయికి గేటు తీసి పట్టుకున్న కాపలాదారును ఎవరూ మరచిపోలేదు. అప్పటి నుంచి మా రిజిస్టరులో బోధనేతర సిబ్బందికి ప్రత్యేకంగా పుటలు కేటాయించాము. వారిని వేదిక ముందు వరుసలో కూర్చోబెట్టడం మొదలైన తరువాత, అంతకుముందు ఎన్ని ఆహ్వానాలు పంపినా రాని కొందరు వచ్చారు. విద్యాసంస్థలు తమ పూర్వ విద్యార్థులకు అధికారుల పేరుతో లేఖలు రాయడం కన్నా ఇలాంటి ఒక మనిషి చేత ఫోను చేయించడం ఎంతో మేలు.

నా జ్ఞాపకాల్లో అన్నిటికన్నా బరువైనది రానివారి గురించినది. మా ఆహ్వానాలకు తిరస్కారం ఎక్కువగా విజయాలు సాధించినవారి నుంచి రాలేదు. వారు తీరిక లేదని చెప్పినా సంతోషంగానే చెప్పేవారు. మౌనంగా దూరంగా ఉండిపోయినవారు వేరే. పరీక్ష తప్పినవారు, మధ్యలో చదువు మానినవారు, తమ జీవితం అనుకున్నట్టు సాగలేదని భావించినవారు. మాతో మొదటి సంవత్సరం చదివి, తండ్రి మరణంతో ఇంటి బాధ్యత మీద పడి, రెండో సంవత్సరం మధ్యలో వెళ్ళిపోయిన ఒక స్నేహితుడు ఉండేవాడు. అతడు లేని మా మొదటి సంవత్సరాన్ని నేను ఊహించుకోలేను. హాస్టల్లో జ్వరం వచ్చిన ప్రతివాడి మంచం పక్కనా అతడే ఉండేవాడు. ఎన్నో ఏళ్ళ తరువాత అతడి జాడ తెలిసి ఆహ్వానిస్తే, నాకు పట్టా లేదు కదా, పూర్వ విద్యార్థిని ఎలా అవుతానని అడిగాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అతడు నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో ఈ విషయమే చాలాసేపు చర్చకు వచ్చింది. పట్టభద్రులకే సభ్యత్వమన్న నిబంధన ఉండాలని కొందరు పట్టుబట్టారు. వారి వాదనలోనూ సంస్థ మర్యాద గురించిన ఆలోచన ఉంది. కానీ కొంతకాలమే చదివి వెళ్ళినవారిని కూడా పూర్వ విద్యార్థులుగానే లెక్కించే కళాశాలలు ఇతర దేశాల్లో ఎన్నో ఉన్నాయి. బిల్ గేట్స్ 1973లో హార్వర్డ్‌లో చేరి పట్టా తీసుకోకుండానే 1975లో వదిలి వెళ్ళాడు; అదే విశ్వవిద్యాలయం 2007లో అతడిని పిలిచి గౌరవ పట్టా ఇచ్చి, స్నాతకోత్సవ ప్రసంగం చేయించింది. ప్రపంచ ప్రసిద్ధుడికి దక్కిన ఆ పిలుపు, ఇల్లు నిలబెట్టడం కోసం చదువు వదులుకున్న మనిషికి దక్కకూడదని చెప్పడానికి నాకు ఏ న్యాయమూ కనిపించలేదు. చివరకు అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులేనని తీర్మానించాము. మార్కుల జాబితాలో ఏముందో సంఘానికి అవసరం లేదు. ఆ తీర్మానం ప్రతిని ఉత్తరానికి జతచేసి నా స్నేహితుడికి పంపాను. అతడు మరుసటి సమావేశానికి వచ్చాడు, పరిచయాల సమయంలో తన పేరు, చేరిన సంవత్సరం చెప్పాడు. ఆ తరువాత నుంచి మా సమావేశాల్లో పరిచయం చేసుకునే ప్రతివారూ పేరూ, చేరిన సంవత్సరమే చెప్పాలి, హోదా చెప్పనవసరం లేదన్నది ఆనవాయితీగా మారింది. ఈ ఒక్క మార్పు వల్ల తలుపు తెరుచుకుని లోపలికి వచ్చినవారు ఎందరో. సమావేశాలను విజేతల ప్రదర్శనగా నడిపే సంఘాలు తమ మనుషుల్లో సగం మందిని చేజేతులా పోగొట్టుకుంటాయని నేను గట్టిగా నమ్ముతాను.

పూర్వ విద్యార్థుల వల్ల సంస్థకు ఏమి ఒరుగుతుందని అడిగేవారికి ఒక పాత కథ చెబుతుండేవాడిని. అమెరికాలోని విలియమ్స్ కళాశాల 1821లో మూతపడే పరిస్థితికి వచ్చింది. దాని అధ్యక్షుడు కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆమ్‌హెర్స్ట్‌లో కొత్త కళాశాల స్థాపించడానికి వెళ్ళిపోయాడు. తమ కళాశాల ఇక ఉండదేమోనన్న భయంతో అక్కడ చదివి వెళ్ళినవారు సమావేశమై సంఘంగా ఏర్పడ్డారు. ఆ కళాశాల నిలిచింది, ఆ సంఘమూ నిలిచింది. ఈనాటికీ నడుస్తున్న పూర్వ విద్యార్థుల సంఘాలన్నిటిలో అదే అతి పాతదిగా పేరు పొందింది. అది ఉత్సవంగా పుట్టిన సంఘం కాదు, ఆపదలో పుట్టినది. మా కళాశాలకు అలాంటి ఆపద రాలేదు కానీ, ఆ కథ విన్న రోజున మా కమిటీలో అంతవరకు నెమ్మదిగా ఉన్నవారు కూడా చిరునామాల పని పంచుకోవడానికి ముందుకు వచ్చారు.

డబ్బు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎన్నో ఏళ్ళు పలకరించని సంస్థ నుంచి వచ్చిన మొదటి ఉత్తరంలోనే విరాళం అడిగితే ఆ ఉత్తరం ఎంత అందమైన కాగితం మీద ఉన్నా మనసు ముడుచుకుంటుంది. రెండుసార్లు ఏమీ అడగకుండా కబుర్లు మాత్రమే పంపిన తరువాతనే మూడోసారి అవసరం చెప్పాలని మేము నియమం పెట్టుకున్నాము. ఎంత ఇచ్చారన్నది ఎన్నడూ అచ్చు వేయలేదు. ఇచ్చినవారి పేర్లను చేరిన సంవత్సరాన్ని బట్టి వరుసగా వేసేవాళ్ళం, చిన్న మొత్తమూ పెద్ద మొత్తమూ ఒకే వరుసలో. మైఖేల్ బ్లూమ్‌బర్గ్ జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1964లో చదువు ముగించుకుని, మరుసటి ఏడాది ఇచ్చిన తొలి విరాళం 5 డాలర్లు. అదే మనిషి 2018లో పేద, మధ్యతరగతి విద్యార్థుల ఉపకార వేతనాల కోసం ఆ సంస్థకు 180 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఆ 5 డాలర్లను స్వీకరించి రసీదు పంపి, అతడి పేరును జాబితాలో రాసుకున్న గుమాస్తా ఎవరో మనకు తెలియదు. అతడు తన పని సక్రమంగా చేశాడు. చిన్న మొత్తం పంపిన ప్రతి ఒక్కరికీ వెంటనే కృతజ్ఞతా పత్రం వెళ్ళాలని నేను అంతగా పట్టుబట్టడానికి కారణం వారు రేపు పెద్ద మొత్తం ఇస్తారన్న ఆశ కాదు. ఉద్యోగం దొరికిన మొదటి నెలల్లో తన కళాశాలను తలచుకున్న మనిషిని ఆ క్షణంలో పలకరించకపోవడం మర్యాద కాదు.

సాధనాలు మా కళ్ళ ముందే మారిపోయాయి. కార్డుల తరువాత ఫోన్లు, ఫోన్ల తరువాత ఈమెయిళ్ళు వచ్చాయి. యాహూ గ్రూపులు 2001లో వచ్చినప్పుడు వేరువేరు దేశాల్లో ఉన్నవారు ఒక్క రోజులో మాట్లాడుకోగలగడం మాకు అద్భుతంగా తోచింది. 2020 డిసెంబరులో ఆ సేవ పూర్తిగా మూతపడింది. ఆర్కుట్ 2004లో వచ్చి 2014 సెప్టెంబరు 30న వెళ్ళిపోయింది. ఫేస్‌బుక్ కూడా 2004లో ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థుల కోసం మొదలైనదే. వీటి వల్ల జరిగిన మేలు అపారం. మేము ఏళ్ళ తరబడి వెతికిన కొందరు ఒక్క సాయంత్రంలో దొరికారు. కానీ మూతపడిన ప్రతిసారీ కొన్ని ఫొటోలు, కొన్ని సంభాషణలు, అక్కడ తప్ప మరెక్కడా రాయని కొన్ని చిరునామాలు పోయాయి. అందుచేత ఏ కొత్త సాధనం వచ్చినా దానిని వాడుకుంటూనే, అందులో తెలిసిన వివరాలను ఏడాదికోసారి మా సొంత రిజిస్టరులోకి ఎక్కించడం ఆపలేదు. పరాయి ఇంట్లో మన సామాను ఎంత కాలం ఉంచగలం?

వాట్సాప్ వచ్చాక పని తేలికైందనుకున్నవారు చాలామంది. ఇప్పుడు ఒక గ్రూపులో 1024 మంది వరకు ఉండవచ్చు, కాబట్టి కళాశాల మొత్తాన్ని ఒకే చోటకి చేర్చవచ్చని వారి ఆలోచన. మనిషి నిజంగా పరిచయం నిలుపుకోగలిగేది సుమారు 150 మందితోనేనని రాబిన్ డన్‌బార్ అనే మానవ పరిణామ శాస్త్రవేత్త 1990ల మొదట్లో ప్రతిపాదించాడు. ఆ అంకె మీద చర్చలు ఉన్నాయి కానీ, మా అనుభవం ఆ దిశగానే ఉంది. వందల మంది ఉన్న గ్రూపులో పదిమంది మాట్లాడతారు, మిగిలినవారు వింటారు, కొన్నాళ్ళకు వినడం కూడా మానేస్తారు. ఎక్కడి నుంచో వచ్చిన సందేశాలు ముందుకు పంపడం మొదలైతే సొంత మాటలు సిగ్గుపడి వెనక్కి తగ్గుతాయి. బ్యాచ్‌కొక గ్రూపు, అందులో ఎవరో రాసిన పంక్తులు కాక ఎవరి సంగతి వారే చెప్పుకోవాలన్న కట్టుబాటు ఉన్నచోటనే మాటలు నిలిచాయి. ఎన్నాళ్ళ నుంచో మౌనంగా ఉన్న ఒక సభ్యుడికి విడిగా ఫోను చేసి ఎలా ఉన్నావని అడగడం, గ్రూపులో పెట్టిన నూరు శుభాకాంక్షలకన్నా మిన్న.

మరి ఇంత శ్రమ దేనికని అడిగేవారికి ఉద్యోగాల సంగతి ఒక్కటి చాలు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్నవారిని ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్ళమన్నవారు 16.7 శాతం మాత్రమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళమన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. రోజూ కలిసే స్నేహితులకు తెలిసిన సంగతులు మనకూ తెలిసే ఉంటాయి. దూరంగా, వేరే లోకంలో తిరుగుతున్న పాత పరిచయస్తుడే కొత్త వార్త తెస్తాడు. ఒకే కళాశాలలో వేరువేరు కాలాల్లో చదివిన ఇద్దరి మధ్య ఉండేది సరిగ్గా ఇలాంటి పరిచయమే. మా ప్రయోగశాల పేరు, మా మాస్టారి పేరు చెబితే చాలు, ముక్కూ ముఖమూ తెలియని ఒక సీనియర్ తన కార్యాలయం తలుపు తెరిచి ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి మాట్లాడిన సందర్భాలు మా సంఘానికి కొత్త కాదు.

అయినా నన్ను ఈ పనికి కట్టిపడేసినవి ఇవేవీ కావు. సభ్యుల్లో ఎవరైనా మరణించినప్పుడు కుటుంబానికి సంతాప లేఖ పంపడం మా అలవాటు. మొదట్లో అది మామూలు లేఖగానే ఉండేది. ఒకసారి మా బ్యాచ్‌లోని ఒకరు పోయినప్పుడు, ఆ లేఖకు బదులు మాలో కొందరం తలా ఒక పుట రాశాము. అతడు పందొమ్మిదేళ్ళ వయసులో ఎలా ఉండేవాడో, నాటకంలో ఏ వేషం వేశాడో, ఎవరి పరీక్ష ఫీజు కట్టి ఆ విషయం ఎవరికీ చెప్పవద్దన్నాడో, దేనికి గట్టిగా నవ్వేవాడో రాశాము. కొన్నాళ్ళకు అతని కూతురి నుంచి ఉత్తరం వచ్చింది. తన తండ్రి గంభీరంగా ఉండే మనిషిగానే తనకు తెలుసనీ, ఆయనకు పద్యాలు పాడడం వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదనీ, ఆ పుటలు తన పిల్లలకు చదివి వినిపించాననీ రాసింది. ఇంకేమైనా గుర్తొస్తే దయచేసి రాయండి అని చివరి వాక్యం.

తల్లిదండ్రులుగా, ఉద్యోగులుగా మారకముందు మనం ఉన్న రూపాన్ని చూసినవారు ఆ కొద్దిమంది మాత్రమే. మన పిల్లలకు అది తెలియదు, జీవిత భాగస్వామికి కూడా చాలావరకు తెలియదు. మనిషికి యౌవనంలో, ముఖ్యంగా కౌమారం చివరి నుంచి ముప్ఫయి ఏళ్ళ వరకు జరిగిన సంగతులే వృద్ధాప్యంలో ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. అంత గట్టిగా నిలిచిన ఆ జ్ఞాపకాలకు సాక్షులు మాత్రం ఎక్కడెక్కడో చెదిరి ఉంటారు. ఆ ఉత్తరం తరువాత మేము మరణం దాకా ఆగలేదు. ప్రతి బ్యాచ్‌లోనూ, జీవించి ఉన్నవారి గురించే సహాధ్యాయుల చేత చిన్న చిన్న జ్ఞాపకాలు రాయించి, రిజిస్టరులో వారి వారి పేరు కింద చేర్చడం మొదలుపెట్టాము. తన గురించి నలుగురు రాసిన పుట చదువుకుని చాలాసేపు మాట్లాడలేకపోయిన పెద్దమనిషిని చూశాను. తాను ఎవరికీ గుర్తులేనని అనుకున్న ఒకామె, తన పేరు కింద అందరికన్నా ఎక్కువ మంది రాశారని తెలిసి మరుసటి వారమే తన బ్యాచ్ బాధ్యతను తీసుకుంది.

ఇప్పుడు సంఘం నాకన్నా చాలా చిన్నవారి చేతుల్లో ఉంది. కొత్త కార్యదర్శి ఆ పాత రిజిస్టర్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించింది. ఒక్కొక్క పేరూ చేతిరాతతో సరిచూసుకుంటూ ఆమె పడిన శ్రమ నేను కళ్ళారా చూశాను. ఎవరి ఫోను నంబరు ఎవరికి కనిపించాలో సభ్యులే నిర్ణయించుకునే ఏర్పాటు కూడా ఆమె చేసింది. అది మా కాలంలో మాకు తట్టని మంచి ఆలోచన. చదువు ముగించి వెళ్ళబోయే వారితో చివరి పరీక్షలకు ముందే సమావేశం జరుగుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరా సొంత నంబరుతో పాటు, ఎప్పటికీ మారదని నమ్మకమున్న మరొకరి నంబరు తీసుకుంటున్నారు. బ్యాచ్ బాధ్యత తీసుకునేవారిని ఆ రోజే ఎన్నుకుంటారు. అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినవారిని కాకుండా, అందరి ఇళ్ళూ తెలిసినవారిని ఎన్నుకోమని నేను వెళ్ళిన ప్రతిసారీ చెప్పి వస్తాను. పాత బ్యాచ్‌లలో ఇంకా జాడ తెలియనివారి పేర్ల జాబితాను ఆమె నాకు పంపించింది. గొంతు విని గుర్తుపట్టేవాళ్ళు కాబట్టి ఆ ఫోన్లు మీరే చేయాలండీ అని అడిగింది. మా కింది బ్యాచ్‌తో మొదలుపెట్టాను. పోయిన నెల అందులో ముగ్గురు దొరికారు, నాలుగో ఆమె పెళ్ళికి ముందరి ఇంటిపేరు తెలిసినవారి కోసం వెతుకుతున్నాను.